పసుపు తాగిన లారీ

మా మరిది బస్వరాజు పోయిన నెల తాండూరులో పోయాడు. పదో దినానికి వెళ్ళాను. వచ్చినవాళ్ళంతా ఆయన్ని గుడ్డి బస్వప్ప అనే తలుచుకున్నారు. గుడ్డి బస్వప్ప మంచోడు, గుడ్డి బస్వప్ప ఎవరి జోలికీ పోయేవాడు కాదు, ఇలాగే సాగింది మాట. కొత్తగా మా ఇంటి కోడలైన పిల్ల ఒకామె ఆయనకు పుట్టుకతోనే చూపు లేదేమో అంది. పక్కనున్నాయన సర్దుకుని కూర్చుని, కాదు, చిన్నప్పుడు అమ్మవారు పోసి కళ్ళు పోయాయని అందరికీ వివరించాడు. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. "ఆయన డ్రైవరు. తాండూరు నుంచి పట్నం దాకా బండల లారీ నడిపేటోడు" అన్నాను. ముసలామెకు మతి తప్పిందని మర్యాదగా తల తిప్పుకున్నారు. గుడ్డివాడు లారీ ఎలా నడుపుతాడు మరి. అందుకే ఇది రాస్తున్నాను.

మర్పల్లి నల్లరేగడిలో పెరిగిన నేను తాండూరు ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మొదట ఆశ్చర్యపోయింది అక్కడి తెలుపును చూసి. గోడలు బండలే, అరుగులు బండలే, ఇంటి కప్పు కూడా బండలే. మామకు ఊరి బయట బండల గని, బజారులో కందుల దుకాణం ఉండేవి. దుకాణం మా ఆయన చూసుకునేవాడు. గని నుంచి వచ్చినవాళ్ళ వెంట్రుకల మీద, కనుబొమల మీద తెల్లటి దుమ్ము ఉండేది. నీళ్ళలో కూడా ఆ రాయే. బావి నీళ్ళు చూడటానికి తేటగా ఉన్నా, నాలుగు దినాలు కాచేసరికి కాగు లోపల గోడలకు సుద్ద పేరుకునేది. దాన్ని గీకి, చింతపండూ బూడిదా పెట్టి తోమడం మా అత్తకు పూజ కంటే ముందు పని. మైలపడిందేదీ, మురికిదేదీ ఆమె పొయ్యి దగ్గరికి రావడానికి వీల్లేదు. బయటినుంచి వచ్చిన ఇత్తడి చెంబైనా సరే తోమి, కడిగి, బోర్లించాకే గడప లోపలికి వచ్చేది. అత్త పుట్టినూరు కన్నడం సీమ. కొడుకులను "మగా" అని పిలిచేది. కొడుకులు ఆమెను అవ్వా అనేవాళ్ళు. పొద్దున లేస్తే ఆ ఇంట్లో ముందుగా వచ్చేది చింతపండు పులుపు వాసన, ఆ తర్వాత విభూతి వాసన, ఆ తర్వాత జొన్నరొట్టె కాలే వాసన. ఇప్పటికీ ఎక్కడైనా చింతపండుతో ఇత్తడి తోముతుంటే నాకు అత్త చేతులే కనిపిస్తాయి.

ఆ ఇంట్లో అత్త భయపడే వస్తువు ఒక్కటే, లారీ. పోలీసు యాక్షన్ అయిపోయాక మిలిటరీ వాళ్ళు అమ్మేసిన పాత బండి అది. మామ దాన్ని బండలు మోయడానికి కొన్నాడు. ఎడమవైపు తలుపు మీద ఒక రేకు అతుకు ఉండేది. ఆ అతుకు కింద తుపాకి గుండు చేసిన చిల్లు ఉందని ఊరంతా అనేవాళ్ళు. నిజమో కాదో ఎవరూ విప్పి చూడలేదు. "గా బండ్ల ఎందర్ని ఏసుకపోయిండ్రో, ఏడ పారేసిండ్రో. దానికి పీన్గుల రుచి తెల్సు" అనేది అత్త. ఇంటి ముందు అది ఆగి ఉన్నప్పుడు, దాని నీడ తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చేది. నేను మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత తర్వాత నాక్కూడా ఆ నీడ తొక్కబుద్ధయ్యేది కాదు.

ఒకసారి ఆ లారీ రేడియేటరు కారడం మొదలుపెట్టింది. రేడియేటరంటే ఇంజనును చల్లబరిచే నీళ్ళు ఉండే డబ్బా. దారిలో ఎవరో డ్రైవరు, గుప్పెడు పసుపు వెయ్యి, చిల్లి మూసుకుంటుంది అని చెప్పాడట. బస్వరాజు ఇంటికొచ్చి తల్లినడిగి పసుపు తీసుకుపోయి పోశాడు. నిజంగానే కారడం ఆగింది. డ్రైవర్లు అందరూ చేసేదే అది, గండం గడవడానికి ఒక పూట చేస్తారు. మా అత్తకు మాత్రం అందులో వేరే సంగతి కనిపించింది. ఆ బండి పసుపు అడిగింది, పసుపు తాగి శాంతించింది అనుకుంది. ఇక ప్రతి శుక్రవారం గడపకు పసుపు రాసి, ఆ చేత్తోనే వెళ్ళి లారీ ముందు చక్రాలకు బొట్లు పెట్టి, మూత తీయించి గుప్పెడు పసుపు లోపల పోసేది. పైన ఒక బిందె మా బావి నీళ్ళు. బస్వరాజు మూత పట్టుకుని నిలబడి నవ్వేవాడు. "మా అవ్వ లారికి గూడ బువ్వ పెడ్తది వదినె. నాకన్న దానికే ముందు." మామ ఒకసారి వద్దనబోయాడు గాని, కొడుకు దినాం ఎక్కి పోయే బండి అది, తల్లి చేతిని ఎవరు ఆపుతారు.

బస్వరాజుకు నా ఈడే. ఇంట్లో నాతో నోరారా మాట్లాడింది అతనొక్కడే. పొద్దున రొట్టె తింటూ ఆ బండి సంగతులే చెప్పేవాడు. స్టీరింగు ముందు ఒక గుండ్రటి అద్దం, అందులో ఒక ముల్లు. ఇంజను నీళ్ళు ఎంత వేడెక్కితే ముల్లు అంత పైకి పోతుంది. ఎర్రగీత దాటితే బండి ఆపాలి, ముల్లు దిగేదాకా రేడియేటరు మూత ముట్టకూడదు. అతనికి పని నేర్పిన పాత డ్రైవరు చెప్పిన మాట అది. బస్వరాజు దాన్ని గురూపదేశంలా పాటించేవాడు. ఎక్కడ ఆగినా, ముల్లును చూస్తూ ఓపిగ్గా కూర్చుని, అది దిగాకే మూత మీద చెయ్యి వేసేవాడు. దుడుకు మనిషి కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత ఊళ్ళో చాలామంది, కుర్రోడు తొందరపడ్డాడు అన్నారు. తొందరపడలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున అతను రొట్టె తుంచి తినకుండా కూర్చున్నాడు.

"ముల్లు మీద నాకు నమ్మకం పోతున్నది వదినె" అన్నాడు. "వికారాబాద్ గుట్టల ఘాటెక్కేటప్పుడు ఎర్రగీత దాక పోతది. సగం ఎక్కినంక దానంతట అదే దిగుతది. ఎక్కేటప్పుడు దిగుడేంది? బండేమో గుంజలేక సస్తున్నది."

"దిగితే మంచిదే గద."

"మంచిదే. గాని వాసనొస్తది. పోపుల పసుపు మాడిన వాసన."

నేను నవ్వి, "మీ అవ్వ బువ్వ పెడ్తున్నది గద, వండుకుంటున్నదేమో" అన్నాను. అతను కూడా నవ్వాడు గాని, నవ్వు కళ్ళ దాకా రాలేదు. అత్త పొయ్యి ముందు నుంచి ఒకసారి వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసి మళ్ళీ రొట్టె తట్టడంలో పడింది.

మామ వికారాబాదు నుంచి ఖాజా మియాను పిలిపించాడు. ఆ దిక్కున లారీల పని తెలిసినవాళ్ళలో ఆయన పెద్ద. చెవి దగ్గర పెన్సిలు, భుజం మీద నూనె మరకల తువ్వాలు. వచ్చీ రాగానే బోల్టులు విప్పే పానాలు తీసే మనిషి కాదు. ముందు బండి చల్లగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ పడుకుందో చూశాడు. అడుగునే ఉంది. అద్దం మీద వేలితో కొట్టాడు, ముల్లు ఇరుక్కోలేదు. ఆ అద్దం వెనక నుంచి సన్నటి రాగి గొట్టం ఒకటి ఇంజను దాకా పోతుంది. దాని చివర చిటికెన వేలంత ఇత్తడి బుడ్డి ఇంజను నీళ్ళలో మునిగి ఉంటుంది. ఆ గొట్టం ఎక్కడైనా నలిగిందా, విరిగిందా అని వేళ్ళతో జానెడు జానెడు తడుముకుంటూ పోయాడు. బాగానే ఉంది. రేడియేటరులో నీళ్ళు చూశాడు. బిందె నీళ్ళు పోస్తే మొత్తం తాగింది. "మస్తు తాగుతుందే" అన్నాడు. "ఘాటెక్కి వస్తే తాగుతది మియా, రాళ్ళ బరువు గద" అన్నాడు బస్వరాజు. ఆ మాట అక్కడితో పోయింది.

"ముల్లు ఝూటా చెప్తుందో, సచ్చా చెప్తుందో ముందు అది తేల్చాలె" అన్నాడు ఖాజా మియా. "బుడ్డిని మసిలే నీళ్ళల్ల పెడ్త. ముల్లు గా పై గీత కాడికి రావాలె. వస్తే ముల్లుది తప్పు లేదు. రాకుంటే దాన్ని పారేసి ఇంకోటి తెస్త."

ఇంజను నుంచి బుడ్డిని, ముందు నుంచి అద్దాన్ని, మధ్యలో గొట్టాన్ని అన్నీ కలిపి ఊడదీశాడు. బుడ్డి ఒక పట్టాన రాలేదు, తువ్వాలు చుట్టి తిప్పితే వచ్చింది. అంతలో నమాజుకు వేళయింది. ఆ తువ్వాలు అలాగే చుట్టి ఉన్న బుడ్డిని అరుగు మీద పెట్టి, నీళ్ళు కాచి పెట్టండమ్మా, వస్తానని మసీదుకు వెళ్ళాడు. నేను పెరట్లో కాగు కింద మంట పెట్టాను. అత్త వచ్చి తువ్వాలు విప్పి చూసింది. "ఛీ, గీ పాడు దాన్ని నా కాగుల ముంచుతడా?" అంది. దాన్ని చింతపండులో నానేసి, బూడిద పెట్టి, కొబ్బరి పీచుతో తోమి తోమి, మిలమిలలాడే దాకా వదల్లేదు. పెరటి బండ మీద కారిన నీళ్ళు పచ్చగా, తెల్లగా ఉన్నాయి. మా ఇంట్లో ఏ గిన్నె తోమినా కారే నీళ్ళు అలాగే ఉంటాయి. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

ఖాజా మియా తిరిగొచ్చాడు. నీళ్ళు తెర్లుతున్నాయి. బస్వరాజు అద్దాన్ని చేతిలో పట్టుకున్నాడు, మియా బుడ్డిని నీళ్ళలోకి దించాడు. అందరం ముల్లునే చూస్తున్నాం. అది కదిలింది, పైకి జరిగింది, జరిగి జరిగి సరిగ్గా పై గీత మీద నిలబడింది. బయటికి తీస్తే మెల్లగా దిగింది. మళ్ళీ ముంచాడు, మళ్ళీ అదే గీత. మియా ముఖం తేటపడింది. "ముల్లు సచ్చా ఉంది. బస్వరాజ్, ఇది చెప్పిందే నమ్ము, నీ ముక్కును నమ్మకు. దిగిందంటే ఇంజన్ సల్లగైనట్టే. ఫికర్ జెయ్యకు." దర్వాజ వెనక నుంచి అత్త రెండు చేతులెత్తి దండం పెట్టుకుంది. ఇంట్లో ఆ పూట అందరూ కడుపు నిండా తిన్నారు.

ఆ వారమే నేను పుట్టింటికి బయల్దేరాను. కడుపుతో ఉన్నాను. లారీలో వికారాబాదు దాకా పోయి, అక్కడి నుంచి మర్పల్లికి మా నాయన పంపిన బండిలో పోవాలని అనుకున్నారు. నన్ను దింపి రావడానికి అత్త కూడా వచ్చింది. ఆమె ఆ లారీ ఎక్కడం అదే మొదలు. వెనక బండల బరువు, ముందు మేం ముగ్గురం. మధ్యలో అత్త, ఒళ్ళో తాగే నీళ్ళ కుండ. అనంతగిరి గుట్టలు కనిపించగానే ఆమె ఆ కుండను గట్టిగా అదుముకుంది. చెట్లన్నీ ఆకులు రాల్చి ఉన్నాయి. ఒక మలుపులో ఎప్పుడో పడిపోయిన బండి తుప్పు పట్టి, చక్రాలు పైకి పెట్టుకుని ఉంది. బస్వరాజు దాన్ని చూడకుండా ముందుకే చూస్తున్నాడు.

ముల్లు పైకి పోతుంటే నాకు కనిపిస్తూనే ఉంది. ఎర్రగీత దాకా వచ్చింది. అప్పుడే ఆ వాసన నాకు కూడా తగిలింది. మూకుడులో పసుపు మాడుతున్న వాసన. ఇంట్లో ఎంతో ఇష్టమైన ఆ వాసన ఆ రేకు డబ్బాలో కూర్చుని పీల్చలేక ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆపుదామా అన్నట్టు బస్వరాజు కాలు తేలిక చేశాడు. సరిగ్గా అప్పుడు ముల్లు వణికింది, వణికి దిగసాగింది. ఎర్రగీత వదిలింది, సగానికి వచ్చింది, ఇంకా దిగింది.

"సూసినవా వదినె" అన్నాడు. ఎన్నాళ్ళకో అతని ముఖంలో నిమ్మళం చూశాను. "సల్లగైంది. మియా చెప్పిండు గద."

"అనంతగిరి సామి సల్లగ సూసిండు మగా" అంది అత్త.

కొంచెం దూరం పోయేసరికి ఇంజను రాళ్ళు నములుతున్నట్టు చప్పుడు చేసింది. చదునుగా ఉన్న చోట ఆపాడు. నీళ్ళు తక్కువైనట్టున్నాయి, పోస్తానని దిగాడు. ఇంజను పైన రేకు తెరిచి, అలవాటుగా ముల్లు వైపు చూడమన్నాడు నన్ను. "ఎంతున్నది వదినె?" చూశాను. అడుగుకు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేనే కాదు, ఎవరు చూసినా అదే చెప్పేవాళ్ళు. అతను మూత మీద తడి గోనె వేసి, వంగి తిప్పాడు.

నేను విన్నది కాలిన పెనం మీద నీళ్ళు పడ్డ చప్పుడు, అంతే. తర్వాత అతను రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అరవలేదు. "అవ్వా, నీళ్ళు" అన్నాడు. అత్త కుండ ఎత్తి అతని తల మీద గుమ్మరించింది. ముఖమంతా పచ్చగా ఉంది. నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా ఉన్నాడు. నీళ్ళు పోసినా ఆ పసుపు పోలేదు. అత్త తన కొంగుతో తుడవబోయి, అతని చర్మం కొంగుకు అంటుకుని రావడం చూసి, చేతులు గాలిలో అలాగే పెట్టుకుని నిలబడిపోయింది. కొడంగల్ బస్సు ఒకటి వచ్చే దాకా ఆమె ఆ చేతులు దించలేదు.

పట్నం దవాఖానలో ప్రాణం దక్కింది, కళ్ళు దక్కలేదు. నేను మర్పల్లి పోలేదు, తాండూరుకే తిరిగొచ్చాను. ఒక మధ్యాహ్నం ఖాజా మియా వచ్చాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. ఇంజను విప్పాడట. తువ్వాలులోంచి ఒక పెచ్చు తీసి బండ మీద పెట్టాడు. మా కాగులో పట్టే సుద్దే, మధ్యమధ్య పసుపు పొరలు. నీళ్ళు పోయే దారులన్నీ దానితో పూడిపోయి, ఉన్న కాసిని నీళ్ళు ఘాటు సగంలోనే మరిగి ఆవిరైపోయేవట. "ముల్లు ఝూటా చెప్పలేదు" అన్నాడు. "నీళ్ళల్ల మునిగినంత సేపు నీళ్ళ సంగతి చెప్పింది. నీళ్ళు కిందికి పోతే దాని కాడ ఏమున్నది, ఉట్టి గాలి. గాలి సంగతి చెప్పింది. అడుగున మిగిలిన నీళ్ళు మాత్రం మసులుతనే ఉండె. నాకు తట్టలేదు." నేల చూస్తూ అడిగాడు. "నేను ఇచ్చిపోయిన బుడ్డికి గూడ గీ పెచ్చు ఉండెనా అమ్మా? అది చూసి ఉంటే నేను బండిని కదలనియ్యకపోతుంటి."

దర్వాజ వెనకాల నిలబడ్డ అత్త బయటికి వచ్చింది. ఇంటికొచ్చిన పరాయి మగవాళ్ళ ఎదుటికి ఆమె రావడం నేను చూడటం అదే మొదలు.

"ఉండె" అంది. "నేనే తోమిన."

మియా ఆ పెచ్చును మళ్ళీ తువ్వాలులో చుట్టుకుని, సలాం చేసి వెళ్ళిపోయాడు. ఆయన ఆ మాట ఎక్కడా ఎత్తలేదని తర్వాత తెలిసింది. లారీని తుక్కు కింద అమ్మేశారు.

పదో దినం నుంచి తిరిగి వస్తూ మా మనవడి కారులో అదే ఘాటు ఎక్కాను. రోడ్డు వెడల్పు చేశారు. కోతులూ, వారాంతం షికారుకొచ్చిన జనం. కారులో ముల్లు లేదు, ఏదైనా తేడా వస్తే బొమ్మ వెలుగుతుందట, కూత కూస్తుందట. మంచిదే. మా రోజులే గొప్పవని అనే రకాన్ని కాను నేను. ఆ రోజుల్లో మాకు ఒక ముల్లు, ఒక ముక్కు ఉండేవి. మూత ముట్టే ముందు దేన్ని నమ్మాలో నిజంగా తెలిసినవాళ్ళు లేరు. కారులో అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, లోపల ఏదో సెంటు వాసన. ఆ మలుపు దగ్గర అద్దం దించమన్నాను. మనవడు దుమ్మొస్తుంది నానమ్మా అంటూనే దించాడు. బయట ఉత్త ఎండ వాసన. మాకు ఏమైందో ఆ దారికి తెలియదు.

మియా వచ్చి వెళ్ళిన ఆ రోజు నుంచి అత్త పసుపు ముట్టలేదు. గడపకు రాయలేదు, ముఖానికి రాసుకోలేదు. మామ బతికుండగానే అలా ఉంటే ఊరు ఊరుకుంటుందా, చాటుగా ఏవేవో అన్నారు. వంటలోకి కూడా వేసేది కాదు, నన్నూ వేయనిచ్చేది కాదు. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం పసుపు లేకుండా వండేది ఇంట్లో మనిషి పోయిన దినాల్లో మాత్రమే. పాలిపోయిన ఆ పప్పే తింటూ వచ్చాం. నాలుగు నెలలకో ఎన్నాళ్ళకో మా ఆయన బస్వరాజును పట్నం నుంచి తీసుకొచ్చాడు. కట్లు విప్పేశారు. ఆ ముఖాన్ని నేను వర్ణించను. నట్టింట్లో పీట మీద కూర్చోబెట్టి అత్త కంచం ముందు పెట్టింది. అతను చేత్తో కంచం అంచు వెతుక్కుని, ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆగాడు.

"అవ్వా, పప్పుల పసుపు లేదేంది?" అన్నాడు. "ఇంట్ల ఎవలు పోయిండ్రు? నాకు చెప్పకుండ దాచిండ్రా? నాయిన ఉన్నడా?"

మామ పక్కనే కూర్చుని ఉన్నాడు. "ఉన్న బిడ్డా" అన్నాడు.

"వదినె?"

"ఉన్న" అన్నాను.

"మరి ఎవలు?"

అత్త ఏడుపు అతనికి వినిపించింది. అప్పుడు అర్థమైంది కాబోలు, చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత మెల్లగా, "నేను సావలేదవ్వా. పసుపు డబ్బా తే" అన్నాడు. అత్త లేవలేకపోయింది, నేనే తెచ్చి అతని చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసుకున్నాడు. చిటికెడు తీసి కంచంలో చల్లి, కలిపి, ముద్ద చేశాడు. "ముందు నువ్వు తిను" అంటూ తల్లి ఏడుపు వినిపిస్తున్న దిక్కుకు చెయ్యి చాపాడు. ముద్ద ఆమె నోటికి అందలేదు, చెంపకు తగిలింది. అత్త ముఖం పక్కకు తిప్పి, ఆ చేతిని పట్టుకుని, తిన్నది.